షిగెనో చేతులు మరిచిన దిక్కు

ఒరికావ కోటవీధుల్లో షిగెనో చేతులు తగలని ఒళ్ళు తక్కువ. మూడేళ్ళ పసిదాన్ని గుడికి తీసుకెళ్ళాలన్నా, ఇరవయ్యేళ్ళ పిల్లని పండక్కి ముస్తాబు చేయాలన్నా, పెళ్ళికూతురికైనా, కన్నుమూసిన ముసలమ్మకైనా కిమోనో కట్టడానికి ఆవిడనే పిలిచేవారు. కొండ మీది పల్లె నుంచి ఆ ఊరికి కోడలిగా దిగినప్పుడు ఆవిడకి పందొమ్మిదేళ్ళు. ఇప్పుడు డెబ్భై నాలుగు. గడ్డిచాపలు నేసే భర్త పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు.

ఆ పని అత్తగారు తాకా నేర్పింది. నోటితో చెప్పి నేర్పలేదు. కోడలి మణికట్టు పట్టుకుని ఈ అంచు ఇటు, ఆ అంచు అటు అని తిప్పుతూ చేతికే నేర్పింది. చేతికి వచ్చేసిన పనికి మళ్ళీ బుద్ధితో అవసరం లేదని అత్తగారి గట్టి నమ్మకం. మొట్టమొదట నేర్పింది దిక్కు. బతికున్నవాళ్ళకి ముందు కుడి అంచు ఒంటికి చుట్టి, దాని మీదకి ఎడమ అంచు తేవాలి. ఎడమది లోపలికి పెట్టి కుడిది పైకి తెచ్చేది పోయినవాళ్ళకి మాత్రమే. ఈ సంగతి ఒరికావలో నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుసు. స్నానం చేసి వచ్చి తొందరలో అటుదిటు చుట్టుకుంటే ఏ తల్లయినా అక్కడే నిలబెట్టి నాలుగు చివాట్లు పెట్టి సరిచేస్తుంది.

షిగెనోకి భక్తి ఎక్కువ. బతికున్నవాళ్ళకి కట్టే రోజున తెల్లారే గుడికి పోయి, బావినీళ్ళతో చేతులు కడుక్కుని, రెండు చప్పట్లు చరిచి దండం పెట్టుకునేది. పోయినవాళ్ళకి కట్టే ముందు బుద్ధుడి పేరు తలుచుకునేది. వాళ్ళతో మాట్లాడేది కూడా. చెయ్యి ఎత్తుతున్నానమ్మా, కాస్త చల్లగా తగులుతుంది, ఏమీ అనుకోకు అని నిద్రపోయేవాళ్ళతో చెప్పినట్టు చెప్పేది. తర్వాత ఆ ఇంటివాళ్ళు ఇచ్చిన టీ తాగి, చెప్పులు చప్పుడవకుండా బయటికి వచ్చేది.

ఆ ఏటి వేసవి కోటవీధుల ముసలివాళ్ళని పట్టుకుపోయింది. జూన్ నుంచి అక్టోబరు లోపల ఏడుగురికి కట్టింది షిగెనో. ఏడో మనిషి టోఫు అంగడి యాయె. యాభై ఏళ్ళ స్నేహం. ఒకరి సంబరానికి ఒకరు, ఒకరి కష్టానికి ఒకరు నిలబడినవాళ్ళు. యాయెకి కట్టిన రోజు షిగెనో ఇంటికి వచ్చి అన్నం వండుకోలేదు. ఇంక మూడు రోజుల్లో కోట పండగ.

కోట పండగంటే రాకుమారి ఊరేగింపు. నాలుగు వందల ఏళ్ళ కింద, కోట దొర కూతురు పదిహేడేళ్ళ వయసులో పగవాళ్ళ ఇంటికి కోడలిగా నడిచి వెళ్ళింది. ఆమె వెళ్ళింది కాబట్టి ఊరు తగలబడకుండా మిగిలింది. ఏటా పదిహేడేళ్ళ పిల్లకి ఆ వేషం కట్టి, పెద్ద దర్వాజా నుంచి వంతెన దాటించి, గుడి మెట్ల దాకా నడిపిస్తారు. దర్వాజా దగ్గర శంఖం ఊదాక మెట్లు చేరేవరకు కాళ్ళు ఆగకూడదు. ఆ తల్లి ఆగి వెనక్కి చూసుంటే మన ఊరు ఉండేది కాదని పెద్దలు చెబుతారు. వానలో, ఒకసారి భూకంపంలో కూడా ఆగకుండా నడిచారట.

ఆ ఏడు వంతు మినోరిది. ఊరగాయల అంగడి ఫుకు మనవరాలు. పదిహేనో ఏట ఆ పిల్లకి నెత్తురు జబ్బు చేసింది. నగరంలో పెద్దాసుపత్రిలో పద్నాలుగు నెలలుంది. వసంతంలో ఇంటికి వచ్చినప్పుడు తల మీద వెంట్రుకలు వేలెడే ఉన్నాయి. అంత దూరం, అంత బరువు బట్టలతో నడవగలదా అని పండగ పెద్దలు వెనకాడారు. ఎన్నడూ సభలో నోరెత్తని షిగెనో ఆ రోజు ఎత్తింది. బరువంతా నడుము మీద నిలబడేట్టు నేను కడతాను, భుజాలకి అసలు తెలియదు, పిల్లని నడవనివ్వండి అంది. ఫుకు ఆ మాటకి మూడు రకాల ఊరగాయలు పట్టుకుని ఇంటికి వచ్చింది.

పండగ ఉదయం కోట పక్క చావడిలో షిగెనో పని మొదలుపెట్టింది. దారాలు, పట్టీలు అందించడానికి కజుయో ఉంది. యాభై దాటిన మనిషి, పన్నెండేళ్ళుగా షిగెనో పక్కన పని నేర్చుకుంటోంది. ఇప్పటికీ మెడ దగ్గరి గల్లా అంచు ముట్టుకోనివ్వలేదు షిగెనో. చెయ్యి అటు వస్తే కొలబద్దతో మెల్లగా ఒకటి తగిలించేది. తెల్ల లోబట్ట, దాని మీద ఎర్రది, ఆ పైన నేల మీద ఈడ్చుకుపోయే పొడుగు పైవస్త్రం. అన్నీ కట్టేసరికి మెడ దగ్గర అరచేతి వెడల్పు గల్లా మాత్రమే పైకి కనిపిస్తోంది. కట్టినంతసేపూ మినోరి గడ్డం పైకెత్తి ఎదురుగోడనే చూస్తూ నిలబడింది. మినోరి నాలుగడుగులు వేసి చూసి, భుజాలకి అసలు తెలియడం లేదవ్వా అంది. షిగెనోకి కడుపు నిండినట్టయింది.

మినోరి తల్లి ఫోనులో బొమ్మ తీసి అంగడిలో ఉన్న అత్తగారికి పంపింది. ఫుకు వెంటనే ఫోను చేసి, ఇదేమిటే కోడలా, గల్లా ఎదురు దిక్కున కనిపిస్తోందని అడిగింది. ఫోను బొమ్మలు కుడి ఎడమ తిరగేస్తాయి అత్తయ్యా, మొన్న మన అంగడి బోర్డు కూడా తిరగబడి రాలేదా అని కోడలు పిల్ల వైపు చూడకుండానే నవ్వింది. ఫుకుకి ఫోన్ల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. అందుకని ఆ మాట సులువుగా నమ్మింది.

వంతెన దగ్గర ఫుకు తన చిన్న దిండు తెచ్చి రాతిగట్టు మీద వేసి, సగం చోటు షిగెనోకి ఇచ్చింది. నేను మనవరాలిని చూడ్డానికి రాలేదు, నీ ముడి వదులవుతుందేమో చూసి ఊరంతా చెప్పడానికి వచ్చానంది. వదులైతే నీ ఊరగాయ జాడీ మీది బరువురాయి తెచ్చి పెడదాంలే అక్కా అంది షిగెనో. శంఖం వినిపించింది. జెండాలు, కాగితపు కవచాలు తొడుక్కున్న మగవాళ్ళు, వాళ్ళ నడుమ మినోరి. నెమ్మదిగా, తల నిలబెట్టుకుని వస్తోంది. గట్టు మీద వాళ్ళెవరో ఆ పిల్లేనా, ఆసుపత్రిలో ఉన్న పిల్లేనా అని ముక్కు మీద వేలేసుకున్నారు. ఫుకు కళ్ళు తుడుచుకుంది.

వంతెన మధ్యకి వచ్చేసరికి ఏటిగాలి లేచి పైవస్త్రాన్ని రెండు పక్కలకీ విప్పింది.

ఎర్రబట్ట నిలువునా కనిపించింది. కుడి అంచు పైకి ఉంది.

ఫుకు చేతిలో రుమాలు కింద పడింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"షిగెనో. ఫోను తప్పు కాదు."

షిగెనో చూసింది. చూసి కూడా ఇంకోసారి చూసింది. ఆ ముడి తనదే, మడత తనదే. మూడు రోజుల కింద యాయెకి కట్టిన కట్టు అచ్చంగా ఆ పిల్ల ఒంటి మీద నడిచి వస్తోంది. డప్పు మోగుతూనే ఉన్నా ఆవిడకి ఏమీ వినిపించలేదు. చావు దగ్గర నుంచి లాక్కొచ్చుకున్న పిల్లకి, ఊరంతా చూస్తుండగా, తన చేత్తో తనే చావు బట్ట కట్టింది.

ఎప్పుడు లేచిందో, ఎలా దిగిందో ఆవిడకి తెలియదు. వంతెన చివర జెండాకి ఎదురుగా నడిరోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఊరేగింపు ముందు నడుస్తున్నది సారాయి బట్టీ గెంజో. శిరస్త్రాణం కింద ఆయన మొహం కందగడ్డయింది.

"లే వదినా. కాళ్ళు ఆగకూడదు, తెలుసుగా."

"ఆగాలి గెంజో. పిల్లకి పోయినవాళ్ళ కట్టు కట్టాను."

గెంజో వెనక్కి తిరిగి చూశాడు. ఆయన మొహంలో నెత్తురు దిగిపోయింది. మరు నిమిషంలో చెయ్యి ఎత్తాడు. నాలుగు వందల ఏళ్ళుగా ఆగని కాళ్ళు ఆగాయి. శంఖం ఊదే మనిషి శంఖాన్ని దించి ఛాతీకి ఆనించుకున్నాడు.

తర్వాత జరిగినదంతా ఎవరూ ఎవరికీ చెప్పకుండానే జరిగింది. కవచాల మగవాళ్ళు గుండ్రంగా నిలబడి మినోరికి వీపులు తిప్పారు. జెండాలు వంచి తెరలా పట్టుకున్నారు. డప్పు మనిషి ఇదీ పండగలో భాగమే అన్నట్టు కొత్త దరువు ఎత్తుకున్నాడు. మైకు పట్టుకున్న బడి పంతులమ్మ, రాకుమారి ఇక్కడ ఏటికి నమస్కరిస్తోంది, మనమూ నమస్కరిద్దామని చెప్పింది. రెండు గట్ల మీది జనమంతా ఏటి వైపు తిరిగి తలలు వంచారు.

తెర లోపల షిగెనో, కజుయో, మినోరి. ఊతకర్ర మీద వచ్చి చేరిన ఫుకు. షిగెనో నడుంపట్టీ విప్పింది. బట్ట విడిపోయింది. రెండు అంచులూ రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ చేతులు కదిలాయి. ఎడమ అంచు లోపలికి వెళ్ళింది.

ఫుకు గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది.

మినోరి వంగి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"అవ్వా, కుడిది ముందు."

షిగెనో తన చేతుల వైపు చూసుకుంది. అవి ఎవరివో తెచ్చి తనకి తగిలించినట్టు ఉన్నాయి. తప్పు పొద్దుట తొందరలో జరిగిందనుకుంది ఇంతవరకు. ఇప్పుడు తొందర లేదు, పరధ్యానం లేదు. తెలిసి, చూస్తూ, మళ్ళీ అదే చేసింది. అంచులు వదిలేసి వెనక్కి జరిగింది.

"కజుయో, నువ్వు కట్టు."

పన్నెండేళ్ళలో మొదటిసారి కజుయో గల్లా ముట్టుకుంది. కుడిది ఒంటికి, ఎడమది మీదకి. దిక్కు తప్పలేదు. కడుతూనే ఏడ్చింది. పొద్దున్నే చూశానండి అంది. చూసి ఎందుకు చెప్పలేదని ఫుకు మండిపడింది.

"ఆవిడ చేస్తే దానికేదో కారణం ఉంటుందనుకున్నానండి. పిల్ల చావు దాకా వెళ్ళి వచ్చింది కదా, దానికి పాత ఆచారం ఏదైనా ఉందేమో అనుకున్నాను. ఆవిడని అడగడానికి నేనెంతదాన్ని."

ఆ మాట షిగెనోకి చెంపదెబ్బలా తగిలింది. ఆ చెయ్యి గల్లా వైపు వచ్చినప్పుడల్లా కొలబద్దతో కొట్టింది తనే కదా.

ఊరేగింపు గుడి చేరింది. మినోరి మెట్లన్నీ ఎక్కింది. జనం చాలామందికి ఏమీ తెలియనే లేదు. ఏటికి నమస్కరించడం బాగుంది, వచ్చే ఏడు కూడా పెట్టాలని కొందరు అనుకుంటూ ఇళ్ళకి పోయారు.

షిగెనో గుడి బావి గట్టు మీద కూర్చుండిపోయింది. పొద్దున ఇక్కడే కడుక్కుంది ఆ చేతులు. దండం కూడా మరచిపోలేదు. మరి ఎక్కడ తప్పాయి? వెనక్కి తలుచుకుంటూ పోయింది. వసంతంలో ఇద్దరు పెళ్ళికూతుళ్ళు నగరంలో ఫోటో దుకాణంలోనే కట్టించుకున్నారు. ఇరవయ్యేళ్ళ పిల్లలు అద్దె బట్టతో పాటు కట్టేవాళ్ళనీ అద్దెకి తెచ్చుకున్నారు. పసివాళ్ళకి ముడి కుట్టేసిన బట్టలు వచ్చాయి. కిందటి పండగ నుంచి ఈ పండగ దాకా బతికున్న ఒళ్ళు ఒక్కటి కూడా ఆవిడ చేతిలోకి రాలేదు. ఏడుగురూ పోయినవాళ్ళే. ఏడాది పొడుగునా చావుకే కడుతూ ఉండి, ఆ సంగతి తనకే తెలియలేదు.

గెంజో వచ్చి కవచంతోనే పక్కన చతికిలబడ్డాడు. ఇంక ఎవరికీ కట్టనని షిగెనో చెప్పింది. ఆయన వేడి చిలగడదుంప ఒకటి విరిచి సగం ఆవిడ చేతిలో పెట్టి కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫుకు వచ్చింది. పక్కన మినోరి, చంకలో బట్టల మూట. షిగెనో గడప దగ్గరే నుదురు నేలకి ఆనించింది. ఫుకు లెమ్మని అనలేదు. రాత్రి కన్ను మూయలేదని చెప్పింది. నాలుగుసార్లు లేచి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూశానని, ఆ భయం నువ్వు పెట్టిందేనని చెప్పింది. చెప్పాక లోపలికి వచ్చి, మూట విప్పి తన పాత నూలు కిమోనో తీసి షిగెనో ముందు పడేసింది.

"కట్టు. నాకు."

"ఈ చేతులతోనా? వద్దక్కా."

"నాకు ఎనభై ఒకటి. దిక్కు తప్పితే తప్పింది, ఎలాగూ దగ్గర్లోనే ఉన్నాను. పిల్ల మీద నేర్చుకోనివ్వను. నా మీద నేర్చుకో."

మినోరి కిటికీ దగ్గర కూర్చుని పెర్సిమన్ పండు చెక్కు తీస్తోంది. తల ఎత్తలేదు కానీ కత్తి ఆగింది.

షిగెనో అంచులు పట్టుకుంది. ఎడమది లోపలికి పోయింది. ఫుకు కిందకి చూసుకుని తనే విప్పేసింది. రెండోసారి చేతులు సగం దాకా వెళ్ళి గాలిలో నిలిచిపోయాయి. షిగెనో ఏడుపు ఆపుకుంటూ ఊరికే నిలబడింది. ఫుకు కూడా రెండు చేతులూ పక్కకి చాపి, దిష్టిబొమ్మలా నిలబడింది.

మూడోసారి షిగెనో కళ్ళు మూసుకుంది. పిడికిలి ఫుకు పొట్టకి ఆనింది. పొట్ట వెచ్చగా ఉంది. పైకి లేచి, కిందకి దిగుతోంది. మళ్ళీ లేస్తోంది. ఆ కదలిక తగలక ఎన్నాళ్ళయిందో. కుడి అంచుని ఆ వెచ్చదనం మీదకి చుట్టింది. దాని మీదకి ఎడమది తెచ్చింది. కళ్ళు తెరవకుండానే నడుంపట్టీ తిప్పి, లాగి, ముడి బిగించింది.

"చంపుతావా ఏం," అంది ఫుకు. "ఊపిరాడటం లేదు."

వేసవి నుంచి ఇప్పటిదాకా బిగుతుగా ఉందని ఆవిడతో అన్నవాళ్ళు లేరు. షిగెనో పట్టీలోకి వేలు దూర్చి ఒక్క వేలెడు వదులు చేసింది.

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఫరవాలేదు. విప్పి మళ్ళీ కట్టు."