బోణీ ఆమెకిచ్చిన రోజు

బేరంలో నన్ను మించినవాళ్లు అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద లేరనడానికి ఒక్క ఉదాహరణ చాలు. మా చీరల కొట్లో సేల్స్‌కని మునగపాక నుంచి వచ్చిన ఆమె పన్నెండు వేలు అడిగితే పదికి ఒప్పించాను. సాయంత్రం టీ ఖర్చు కూడా ఆమెదే అని చెప్పి మరీ ఒప్పించాను. ఆమె మెట్లు దిగగానే, నాన్న కాలం నుంచీ ఉన్న మా గుమాస్తా బాబాయి వైపు చూసి కనుబొమలెగరేశాను.

"గెలిసేవమ్మా. ఇదివరకు వచ్చినోళ్లనీ ఇలాగే గెలిసేవు," అన్నాడాయన చీర మడతపెడుతూ.

వాళ్లంతా వారం తిరక్కుండానే మానేశారు. శ్రావణమాసం పెళ్లిళ్లు ముందున్నాయి. ఈమె కూడా నిలబడకపోతే కౌంటర్లో మిగిలేది నేనూ, మోకాళ్ల నొప్పుల బాబాయీ.

నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. కొత్తగా చేరినవాళ్లు మొదటిరోజు దేన్నీ ముట్టుకోకూడదు. మూల స్టూలు మీద కూర్చుని చూడాలి, చూస్తుంటే పని అదే వస్తుందని. ఎవరూ పలకరించరు. ఆమె అలాగే కూర్చుంది. భోజనాలకి మేం లోపలికి వెళ్తే ఆమె క్యారేజీ ఆ స్టూలు మీదే విప్పుకుంది. నాకది వింతగా కూడా అనిపించలేదు.

మర్నాడు షట్టరు ఎత్తేసరికి మెట్ల కింద చెప్పులతోనే నిలబడి ఉంది.

"సెప్పి ఎల్దారని వచ్చేనండి. ఎనక వీధి కొట్లో సేరిపోతన్నాను."

"ఎంతిత్తామన్నారేటి?" నా నోటికి ముందొచ్చేది అదే.

"మీకన్నా అయిదొందలు తక్కువేనండి."

ఎక్కువ అడిగేవాళ్ల సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసు. తక్కువకి పోయేవాళ్లతో ఏం బేరమాడతాం?

"మరెందుకమ్మా?"

"నిన్న సాయంత్రం ఆళ్లు కూకోబెట్టి, మీ ఊళ్లో ఈ ఏడు చెరుకెలా ఉందమ్మా అనడిగేరండి. మీరు ఆధార్ జిరాక్సు తీసుకున్నారు గానీ, పేరెట్టి ఒక్కపాలి పిలవనేదు."

బాబాయి తల దించుకుని చీరలు సర్దడం మొదలుపెట్టాడు. అంతలో ఒక పెద్దావిడ మెట్లెక్కుతూ, పసుపు చీర చూపించమంది. ఇంటివాళ్ల చేత్తో తప్ప బోణీ చేయని కొట్టు మాది.

ఆమెను పేరు పెట్టి పిలిచాను. "పన్నెండే ఇత్తాను. ముందు రా, ఈ బోణీ నువ్వు చెయ్యి."

ఆమె చెప్పులు విడిచి పైకొచ్చింది.

"ఎవరికండి సీర?" అని అడిగింది పెద్దావిడని. కోడలికట, మొదటి శ్రావణమట. అది విని, నేను తీయబోయిన చీర కాకుండా పలచటిది తీసింది. పెద్దావిడ ధర తగ్గించమంటే కొంచెం తగ్గించింది. నేను పళ్లు బిగబట్టి గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నాను.

ఇక అసలు లెక్క. ఆ చీర మీద నేనైతే ఇంకో యాభై లాగేదాన్ని, అది పోయింది. నెలనెలా రెండు వేలు ఎక్కువ. టీ ఖర్చు ఇక మా కొట్టు ఖాతాలోనే. మధ్యాహ్నం చాప మీద ముగ్గురం కూర్చున్నాం, ఆమె తెచ్చిన గోంగూర పచ్చడిలో సగం నేనే తిన్నాను, అది జమ. ఎటు చూసినా ఖర్చే ఎక్కువ. అద్దానికి అంటించిన 'సేల్స్‌కు మనుషులు కావలెను' కాగితం మాత్రం సాయంత్రం పీకేశాను. జిగురు మరక ఇంకా పోలేదు.