తువ్వాలుకి టిక్కెట్టు

మా బావ రాయప్ప ఐదేళ్ళు పార్లమెంటు మెంబరుగా ఉన్నాడు. అంతకుముందు చాలా ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరు. ఈ రెండు ఉద్యోగాల్లో ఏది గొప్పదని ఎవరైనా అడిగితే, "మొదటిదాంట్లో చేతిలో ఈల ఉండేది గదా" అనేవాడు.

నరసరావుపేట నుంచి బొల్లాపల్లి వైపు పోయే బస్సు మీద పనిచేసేవాడు. డ్రైవరు వెనక కమ్మీకి ఆనుకుని, సగం కళ్ళు మూసుకుని నిలబడేవాడు. నిద్రపోతున్నాడని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళు. కాని చేలగట్టు మీద ఎవరైనా చెయ్యెత్తితే చాలు, ఆ సగం కళ్ళకే కనపడేది. "హోల్డాన్" అనేవాడు. బస్సు ఆగేది. మనిషి, మూట, మేకపిల్ల అన్నీ ఎక్కాక "రైట్, రైట్" అనేవాడు. స్టాపు కాని చోట ఆపినందుకు పైవాళ్ళ చేత చీవాట్లు తిన్నాడు. ఆ చీవాట్లకి కూడా సగం కళ్ళు మూసుకునే నిలబడ్డాడని విన్నాను.

అతనికి పడనిది ఒక్కటే. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటారు చూడండి, అది. ముసలమ్మ నిలబడి ఉంటే పక్కన తువ్వాలు దర్జాగా కూర్చుని ఉండేది. బావ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "ఏమయ్యా, తువ్వాలుకి టిక్కెట్టుందా?" అనేవాడు. బస్సంతా నవ్వేది. ఆ మాట మా ఇళ్ళల్లో సామెత అయి కూర్చుంది.

మా అక్క ప్రేమమ్మను అతనికి ఇచ్చాం. మా ఊరు రాళ్లబావి, గురజాలకీ రెంటచింతలకీ నడుమ, రైలు పట్టాల పక్కనే. మాచర్ల రైలు మా చేలల్లోంచే పోయేది, కాని ఆగేది కాదు. మా ఊరికి స్టేషను లేదు. రైలు వస్తుంటే పెద్దాచిన్నా నిలబడి చేతులు ఊపటం, డ్రైవరు తిరిగి ఊపటం, అదీ మాకూ రైలుకీ ఉన్న చుట్టరికం.

అరవై ఎనిమిదిలో అక్క తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. వానలకి నల్లరేగడి దారి బురదైపోయి బండి చక్రాలు దిగబడ్డాయి. ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉంటే రైలు కూత వినపడింది. మా నాన్న పరుగెత్తి, పట్టాల పక్కన నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి ఊపాడు. డ్రైవరు చూశాడు. రోజూ ఊపే ఊపే అనుకున్నాడు పాపం, నవ్వి, తనూ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

అక్కను నులకమంచం మీద గురజాల ఆసుపత్రికి మోసుకుంటూ బయల్దేరాం. సగం దారిలో మగబిడ్డ పుట్టాడు. వాడు బతకడని మా అమ్మకు తెలిసిపోయింది. చర్చి గురువుగారిని పిలిచే వ్యవధి లేనప్పుడు ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని మా మతంలో ఉంది. ముంతలో నీళ్ళు బిడ్డ నెత్తిన పోసి, శౌరి అని పేరు పెట్టింది. పేరు పెట్టినంతసేపే ఉన్నాడు. నాన్న తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాం. మట్టి చెయ్యటానికి తీసుకుపోతుంటే అక్క బిడ్డను ఇచ్చింది గాని తువ్వాలు ఇవ్వలేదు.

బావ డ్యూటీ దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఏడవలేదు. మంచం పక్కన కింద కూర్చుని, "ఆ రైలును నేను ఆపుతా ప్రేమా" అన్నాడు. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. దుఃఖంలో మనిషి ఏదో ఒకటి అంటాడు గదా అని మేమందరం ఊరుకున్నాం.

తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు. అక్క మామూలుగానే తిరిగింది. కాని పుట్టింటికి వచ్చినప్పుడు రైలు కూత వినపడితే లేచి లోపలికి పోయేది. బావకి మాత్రం ఒకే కల వస్తూ ఉండేది. రైలు రాళ్లబావిలో చప్పుడు లేకుండా వచ్చి ఆగేదట. డ్రైవరు దిగి మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగేవాడట. పెట్టెల తలుపులన్నీ తెరిచే ఉండేవట, కాని ఎవరూ ఎక్కేవాళ్ళు కాదట. "ఎవురో ఒకరు ఎక్కేదాకా చూద్దామనుకుంటా జోసెఫూ. ఈలోపలే మెలకువొచ్చుద్ది" అనేవాడు నాతో.

ఎనభై నాలుగులో ఎన్నికలొచ్చాయి. మా వైపు పార్టీలో ఇద్దరు పెద్దలు. ఒకరికి సీటిస్తే రెండోవారు గెలవనివ్వరు. ఎవరి మనిషీ కానివాణ్ణి, అందరూ ఎరిగినవాణ్ణి వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ ఇద్దరికీ, వాళ్ళ పాలేర్లకీ ఒకే మొహంతో టిక్కెట్టు కొట్టినవాడు మా బావ ఒక్కడే. చివరికి వాళ్ళిద్దరూ కలిసి అతనికి టిక్కెట్టు ఇప్పించారు. ఉద్యోగానికి రాజీనామా పెట్టేముందు బావ నన్ను ఒకటే అడిగాడు.

"రైళ్ళు ఎవురి చేతిలో ఉంటయ్యిరా, హైదరాబాదా, ఢిల్లీనా?"

"ఢిల్లీ" అన్నాను.

"అయితే పోదాం" అన్నాడు.

గెలిచాడు. నేను పి.ఏ.నని చెప్పుకుని వెంట వెళ్ళాను గాని నిజానికి వంటవాణ్ణే. ఢిల్లీలో ఆ చలికాలం ఎలా గడిచిందో ఇప్పటికీ కలలాగే ఉంటుంది. పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. ఎదురింటి తలుపు కూడా కంటికి ఆనేది కాదు. అక్క కుండీల్లో గోంగూర వేస్తే అది చలికి ముడుచుకుని ఎదగనంది. పార్లమెంటు భవనం గుండ్రం కదా, ఆ వరండాలో బావ పొద్దస్తమానం నడిచేవాడు. మాచర్లలో పట్టాలు అయిపోవటం చూసి పెరిగినవాడికి, ఎక్కడా అయిపోని ఆ వరండా వింతగా ఉండేది. "ఇక్కడ స్టాపుల్లేవురా, నడిచినకొద్దీ నడవటమే" అనేవాడు. దేశంలో ఏ రైలైనా ఉత్తినే ఎక్కి తిరగమని చేతికి పాసు ఇచ్చారు. అత్తగారి ఊళ్ళో ఎక్కటానికి మాత్రం అది పనికిరాదు.

సభలో అతని పేరు మీద మిగిలింది ఒకే ఒక్క రోజు. రైల్వే పద్దుల మీద చర్చ. తెలుగులో మాట్లాడతానని ముందే చెప్పి పెట్టుకున్నాడు. రాళ్లబావిలో హాల్టు కావాలని రెండు ముక్కల్లో అడిగి కూర్చున్నాడు. నేను పైన సందర్శకుల గ్యాలరీలో ఉన్నాను. జవాబు చెబుతున్న సహాయమంత్రి, ఆ ఊళ్ళో ఎక్కే జనం చాలరు, హాల్టు గిట్టుబాటు కాదు అని చెప్పి మరో ఊరి సంగతికి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోతున్న ఆ మాట బావకి ఎలా వినపడిందో ఏమో. లేచి నిలబడి, నిండు సభలో, బొల్లాపల్లి బస్సులో అరిచినట్టే అరిచాడు.

"హోల్డాన్."

మంత్రి ఠక్కున ఆగాడు. నవ్వులు మొదలయ్యాయి. బావ నవ్వలేదు, కూర్చోలేదు.

"అయ్యా, మా కాడ చెయ్యెత్తితే బస్సాగుద్ది. రైలాగదని తెలిసి కూడా మా మామ తువ్వాలు ఊపాడు. మీ డ్రైవరు మంచోడే, తిరిగి చెయ్యూపాడు. మా పిల్లోడు దారిలో పొయ్యాడు. జనం చాలరంటన్నారు. ఒకడు తగ్గాడు గదయ్యా, నిజమే."

తెలుగు రానివాళ్ళకి ఆ మాట అనువాదమై చెవిగొట్టాల్లో కాస్త ఆలస్యంగా చేరింది. అందుకని నవ్వులు ఒక్కసారిగా కాక, వరసవరసగా ఆగిపోయాయి. నాకు కళ్ళు మసకబారి అతను సరిగా కనపడలేదు. మంత్రి, పరిశీలిస్తాం అన్నాడు.

ఆ పరిశీలనకి ఏళ్ళు పట్టింది. కొలిచేవాళ్ళు వచ్చారు, పోయారు, మళ్ళీ వచ్చారు. ఈలోగా ఇక్కడి జనానికి బావ మీద మోజు తీరిపోయింది. వాళ్ళడిగేది బస్సు. కండక్టరు ఎంపీ అయ్యాడు కాబట్టి ఊరూరికీ బస్సు వస్తుందనుకున్నారు. బస్సులు రాష్ట్రం చేతిలో ఉంటాయంటే ఎవరు నమ్ముతారు? ఎనభై ఏడులో మండలాలకు ఎన్నికలు జరిగి ఎంపీపీలు వచ్చాక మరీ పలచనయ్యాడు. "ఈయన ఉత్త ఎంపీ. ఆయన ఎంపీపీ, ఒక పీ ఎక్కువ" అని బొల్లాపల్లిలో ఒక పెద్దాయన మా ముందే తేల్చేశాడు. బావ ఆ మాటకి పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఎనభై తొమ్మిదిలో ఓడిపోయాడు. ఇద్దరం మా చేలో మిరప మొక్కలకి నీళ్ళు కడుతూ ఉండగా కబురొచ్చింది, రాళ్లబావిలో రైలు ఆగుతుందని. ఆ డిసెంబరులోనే ప్రారంభం. చేసేది కొత్త ఎంపీ. మాజీని పిలవాలని ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఉదయం కూడా మంచు పట్టింది, మా వైపు ఎప్పుడో గాని పట్టనంత. నాపరాళ్ళు పరిచిన ప్లాట్‌ఫారం మీద ఊరంతా నిలబడింది. షామియానా కింద దండలు, మైకు. మేము జనం వెనక నిలబడ్డాం. బావ చిన్న గది కిటికీ దగ్గరికి వెళ్ళి గురజాలకి టిక్కెట్లు కొనుక్కొచ్చాడు. ఊరంతా చేతులెత్తింది. రైలు మంచులోంచి వచ్చి, నిజంగానే ఆగింది. మా అమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని ఇంజను వైపు నడుస్తుంటే బావ ముఖం చూశాను. మెలకువ వచ్చేస్తుందేమోనని భయపడుతున్నాడు.

"ఎక్కు ప్రేమా" అన్నాడు.

అక్క ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, సంచిలోంచి తువ్వాలు తీసి పక్క సీటు మీద పరిచింది. వెనక జనం తోసుకొస్తున్నారు. చంటిపిల్ల తల్లి ఒకామె ఆశగా చూసి, "ఎవురన్నా ఉండారా అమ్మా?" అంది.

"మనిషుండాడు" అంది అక్క.

ఎదురు సీటులో ఒకతను లేచి ఆమెకి చోటిచ్చాడు. నా నోరు ఊరుకోదు కదా, పాత అలవాటు కొద్దీ, "బావా, తువ్వాలుకి టిక్కెట్టుందా?" అన్నాను.

బావ గుప్పిట విప్పాడు. మేము ముగ్గురం. చేతిలో టిక్కెట్లు నాలుగు.

అప్పుడు చూశాను తువ్వాలును. ఉతికి ఉతికి నేత పలచబడింది. అది మా నాన్నది.

దండలు వెయ్యటం, ఫొటోలు తియ్యటంతో రైలు ఆగాల్సిన దానికన్నా ఎక్కువసేపే ఆగింది. అక్క కిటికీలోంచి పట్టాల పక్కన నాన్న నిలబడిన చోటు వైపు చూస్తూ ఉంది. చాలాసేపటికి ఇటు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమె నోట రావటం అదే మొదలు.

"ఆగింది గదా. బిడ్డ ఎక్కాడు. ఇంక రైట్ చెప్పు" అంది.

బావ తలుపు కమ్మీ పట్టుకున్నాడు. చిన్నగా, ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు అన్నాడు.

"రైట్... రైట్."

గార్డు ఎప్పుడు పచ్చజెండా ఊపాడో నాకు తెలీదు. నా మటుకు రైలు బావ చెప్పాకే కదిలింది. గురజాల దాకా బావ నిలబడే వచ్చాడు, ఆ సీటులో మాత్రం కూర్చోలేదు.