అంగుళం ఎక్కువైన మెట్టు

అరవై రెండేళ్ల వడ్రంగి ఆ వయసులో చదువుకోవడానికి బయలుదేరాడంటే వీధిలో ఎవరికీ నవ్వాగలేదు. గ్రంథాలయం మేడమీద ఆదివారం పొద్దున ప్లాన్లు గీయడం నేర్పుతున్నారు.

"ఈ వయసులో ఓనమాలేంటి బాబాయ్? పలకా బలపం కొనివ్వనా?" అన్నాడు పక్క కొట్లో కుర్చీలకు రంగులేసేవాడు.

"కొనివ్వరా. నా పనయ్యాక నీకు సంతకం నేర్పిస్తా."

నలభై ఏళ్లుగా ఆయన తలుపులూ కిటికీలే చేశాడు. మెట్లు చేసింది మాత్రం ఒక్కసారే, పెళ్లయిన కొత్తలో, తన ఇంటి పైగదికి. ఆ గదిలోనే భార్య కుట్టుమిషను. ఖాళీ చేతులతో అయితే ఆవిడ గోడ పట్టుకుని దిగేది. బట్టల మూట ఎత్తుకుందంటే చాలు, చివరి మెట్టు దగ్గర తూలేది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు మెట్టునంటావేం? నీ నడకే అంత," అనేవాడాయన.

పోయిన నెల పడి మోకాలు వాచాక, మిషను అమ్మేద్దామంది ఆవిడ. ఆ మాటతో ఇల్లంతా చిన్నబోయింది.

మూడో ఆదివారం పంతులమ్మ, ఆయన కూతురి వయసు పిల్ల, ఎవరింటి మెట్లు వాళ్లు కొలిచి గీసుకురావాలంది. ఆయన టేపు పట్టాడు. మెట్లన్నీ సమానమే. నేల నుంచి మొదటిది మాత్రం అంగుళం ఎక్కువ, పైగదిలోకి ఎక్కేది అంగుళం తక్కువ. మళ్లీ కొలిచాడు. అంగుళం కదల్లేదు.

ఆ పిల్ల కాగితం చూసి నెమ్మదిగా చెప్పింది. "పక్కచెక్కలకు గాట్లు సరిగ్గానే కోశారు బాబాయ్ గారూ. వాటిమీద పరిచే మెట్టుచెక్క మందం మరిచిపోయారు. పక్కచెక్కల అడుగున అంత మేర కోసేయాల్సింది."

ఇంటికొచ్చి ఆయన చెప్పులు కూడా విప్పలేదు.

"నీ నడకలో తప్పేం లేదే. తప్పు నాది. అంగుళం."

గుండీలు కుడుతున్న ఆవిడ తలెత్తింది. "ముప్పై ఎనిమిదేళ్లకు తెలిసిందా?"

"నేర్పేవాళ్లు ఇప్పుడు దొరికారు మరి."

"నేను చెబితే మాత్రం నేర్పినట్టు కాదేం."



మరుసటి ఆదివారం క్లాసు క్లాసంతా వాళ్లింటికే వచ్చింది. రిటైరైన నర్సు, బస్సు కండక్టరు, పంతులమ్మ కలిసి మెట్ల వరసను ఎత్తిపట్టారు. ఊరికే చూడ్డానికొచ్చిన రంగులవాడు ఎవరూ అడక్కుండానే ఒక చివర పట్టాడు. వడ్రంగి ఈసారి గీత గీసుకుని, రెండుసార్లు కొలిచి, అడుగున అంగుళం కోసేశాడు.

ఆవిడ బట్టల మూటతో పైనుంచి దిగింది. అలవాటు కొద్దీ చివర్లో పాదం లోతుగా వేయబోతే, నేల ముందే తగిలింది. ఒక్క క్షణం ఆగింది.

"దీనికీ నాలుగు రోజులు క్లాసు పెట్టాలి," అంది తన కాలికేసి చూసుకుంటూ.

మూట దించకుండానే మళ్లీ పైకెక్కింది. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది.