కోతపండుగ వేలంలో రంగుల గుల్ల

మా చర్చిలో కోతపండుగ నాడు ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్లు, ఒక్కో ఏడు మేకపోతు, దూడ. వచ్చిన డబ్బు దేవుడిది, పాడుకున్న సరుకు మనది. అల్లూరు పక్కన మా ఊళ్ళో బేరాలాడడానికి ఇంతకంటే పవిత్రమైన చోటు లేదు.

ఆ ఏడు మా వదిన, అంటే మా ఆయన అక్క, తన గొలుసుకున్న బిళ్ళను గొలుసుతో సహా తీసి గుమ్మడికాయల మధ్య పెట్టింది. బొటనవేలి గోరంత రాయి. కదిపితే దాని మీద ఎరుపు, ఆకుపచ్చ పాకుతాయి, రొయ్యలగుంట నీళ్ళ మీద డీజిలు పడ్డట్టు. తెచ్చింది ఆమె మొగుడు, నాకు అన్న వరస. ఓడల్లో వంట చేసి వచ్చిన మనిషి. “దీనికి వెల కట్టేవాడు ఈ జిల్లాలో పుట్టలేదు” అని ఏళ్ళ తరబడి చెప్పేవాడు. యాడ కొన్నావన్నా అంటే మాత్రం ఒక్కోసారి ఒక్కో దేశం పేరు చెప్పేవాడు.

వదిన త్యాగానికి సంఘమంతా ముక్కున వేలేసుకుంది. నేను చెవిలో అడిగాను.

“అంత ఖరీదైంది ఇచ్చేసినావేంది వదినా?”

“ఖరీదా, నా మొహమా! గాజుపెంకు మే అది. కోడిపుంజును ఇద్దామంటే ప్రాణం ఒప్పలా.”

దేవుడు విన్నాడేమో. పాస్టరమ్మ తమ్ముడు ఆ రోజు వచ్చి ఉన్నాడు. నెల్లూరులో ఒక నగల అంగట్లో రాళ్ళు చూసే పని అతనిది. వేలం పాడించే సంఘపెద్ద, గుమ్మడికాయ ముదిరిందో లేదో చూసినట్టు, బిళ్ళను బల్లకేసి టకటక కొడుతుంటే అతను ఒక్క గెంతున వచ్చి లాక్కున్నాడు.

“పెద్దాయనా, పగిలిపోద్ది!”

కిటికీ వెలుతురుకు పట్టుకుపోయి, జేబులోంచి చిన్న భూతద్దం తీసి కంటికి ఆనించుకున్నాడు. అన్న తువ్వాలుతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“అసలుదే అక్కా,” అన్నాడు వదినతో. “ అమ్మొలైట్ అంటారు. మనిషి పుట్టకముందు సముద్రంలో బతికిన జీవి గుల్ల. మట్టికింద పడుండి ఇట్టా రంగు తిరిగింది.”

“గుల్లా? మనం కాల్చి సున్నం చేసుకునేదా?” అంది వదిన.

“ఆ వరసే అనుకో.”

అందరికీ చూపించాడు. ఎరుపు, ఆకుపచ్చ చాలావాటికి ఉంటాయట; నీలం, ఊదా అరుదట. దీనికి నీలం ఒక మూలే ఉంది. ఏ పక్కకు తిప్పినా వెలగాలట. ఇది ఒక పక్కకు తిప్పితే ఆరిపోయింది. అంచు మీద నిలబెడితే, పైన గాజులాంటి మూత, కింద నల్లరాయి, నడుమ ఉల్లిపొరంత గుల్ల. “మొదటిరకం కాదు, పారేసేదీ కాదు” అని తేల్చాడు.

అన్న రొమ్ము విరుచుకున్నాడు. వదిన నా మణికట్టు పట్టుకుంది.

“మే, వెనక్కి తీసుకోవచ్చా?”

“బల్ల ముందు పెట్టినాక యాడ వదినా?”

“దేవుడికెందుకే గుల్ల? సముద్రమంతా ఆయనదే గదా!”

బిళ్ళకు వేలం మొదలైంది. రొయ్యలగుంటల వాళ్ళ కోడలు పాట అందుకుంది. వదిన మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. “పాడు.” అన్న పాడాడు. పాట కోడి ధర దాటి మేకపోతు ధర దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు సన్నబడింది.

“ఏందన్నా,” అన్నాడు సంఘపెద్ద, “వెల కట్టేవాడు పుట్టలేదంటివి, మేకపోతు కాడ ఆగినావే?”

చర్చి అంతా ఘొల్లుమంది. పాస్టరుగారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. అన్న మళ్ళీ పాడాడు. కోడలూ పాడింది. దూడ ధర దగ్గర రాళ్ళతను, ఎవరు కొన్నా తెలియాలి గదా అని, జాగ్రత్తలు చెప్పాడు. సెంటు కొట్టకూడదు, నిమ్మకాయ, చింతపండు తగలకూడదు, పులుపు దాన్ని తినేస్తుంది.

“చింతపండా?” అంది కోడలు. “ఇంక మా ఇంట్లో చేపల పులుసు ఎవురు చేస్తారు? నాకొద్దు నాయనా.”

బిళ్ళ అన్నకు వచ్చింది. దూడ ధర పెట్టి, తను తెచ్చిందే తను కొనుక్కున్నాడు. బయటికి వచ్చాక, పోయిన పరువు కొంచెం కూడగట్టుకుని, “ఇప్పుడన్నా నమ్మినావా?” అన్నాడు.

“నువ్వు తెచ్చింది దేవుడికిచ్చేసినాను,” అంది వదిన. “ఇది నా కళ్ళముందు నాకు కొన్నది. పెట్టు.”

మెడ వంచింది. గొలుసు కొక్కెం అన్న వేళ్ళకు దొరకలేదు. పులుసులో ఉప్పు చూసినంత శ్రద్ధగా వెతుకుతూనే ఉన్నాడు. వదిన తొందరపెట్టలేదు.