ఇంటికొక్క చెయ్యి

ఇటు దగ్గరికి జరగండి తల్లీ, ఆ గుమ్మంలో ఎండ పడుతుంది, ఈ చాప మీద కూర్చోండి. చేతిలో పనుంటే పట్టుకొనే రండి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వినే ముచ్చటే ఇది. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే, కాబట్టి తారీఖులు అడగొద్దు. ఎవరు ఏ మాటన్నారో, అన్నప్పుడు ఎవరి మొహం ఎటు తిరిగిందో అడగండి, పొల్లు పోకుండా చెబుతాను.

పొద్దున మా మనవరాలు టీవీ పెట్టింది. అమెరికావాళ్ళ పెద్ద సభలో ఏదో తీర్మానమట, దాని మీద బయట జనం రెండు పాయలుగా చీలి, ఇది మా రాజ్యాంగం, అది మా హక్కు అని గొంతులు చించుకుంటున్నారు. వాళ్ళకేం పనిలేదా నానమ్మా అని పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా కడుపులో అణిగి ఉన్న కోపం ఒక్కసారి భగ్గుమంది. వాళ్ళు అరుచుకుంటున్నారు, నిజమే, కానీ వద్దన్నవాడికి నిలబడి అరిచే చోటుంది. మా నాచారం గల్లీలో ఒకనాడు ఆ చోటు కూడా లేకుండా చేశారు. చేసింది పరాయివాళ్ళు కాదు, మావాళ్ళే.

మేము నల్గొండ దిక్కు నుంచి పొట్ట చేతపట్టుకొని పట్నం వచ్చినవాళ్ళం. మా ఆయనకు ఫ్యాక్టరీలో పని. కడుపు కట్టుకొని కింద రెండు గదులు, తర్వాత పైన ఒక వాటా వేసుకున్నాం. ఆ పైవాటాలో దిగినవాళ్ళది గోదావరి వైపు. అతనిదీ మా ఆయనదీ ఒకే షిఫ్టు. ఆమె తెల్లారేసరికి ఇడ్లీపిండి రుబ్బి గల్లీ అంతటికీ అమ్మేది. మొదట్లో ఆమె కూరలో బెల్లం తగిలితే మేము మొహం చిట్లించేవాళ్ళం, మా తొక్కు కారానికి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకునేది; పోను పోను ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో మాకే తెలియకుండా పోయింది. మా అత్త కాలు విరిగి మంచాన పడ్డప్పుడు, నేను దవాఖానాకూ ఇంటికీ తిరుగుతుంటే, ఆమే కిందికి వచ్చి ముసలామెకు తల దువ్వి అన్నం తినిపించింది. అది మరిచిపోతే నేను మనిషిని కాను.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, అప్పట్లో మాతోనే ఉండేది. డిగ్రీ చదివి ఉప్పల్‌లో ఒక ఆఫీసులో చేరింది. అక్కడి పని వింతగా ఉండేది: అమెరికా సభల్లో, మీటింగుల్లో జనం మాట్లాడిందంతా రికార్డు చేసి పంపితే, వీళ్ళు చెవులకు తగిలించుకొని విని, ఒక్క మాట జారకుండా టైపు కొట్టి వెనక్కి పంపాలి. సాయంత్రం వచ్చి, జొన్నరొట్టెలు కొడుతున్న నా పక్కన పీట వేసుకొని, విన్నదంతా చెప్పేది. ఒకసారి వాళ్ళ దేశం జెండాను కాల్చినవాణ్ణి జైల్లో పెట్టాలా వద్దా అని లొల్లి జరిగిందట. కొడుకును మిలిటరీకి పంపిన ఒక ముసలామె లేచి, జెండా కాలితే నా కడుపు కాలుతుంది, అయినా ఈ తీర్మానానికి మాత్రం ఒప్పుకోను అన్నదట.

మా ఆయన రొట్టె ముక్క చేత పట్టుకొని, "గదేం తిక్కనే? కడుపు కాలితే ఒప్పుకోవాలె గదా!" అన్నాడు.

"కాదన్నా, ఇయ్యాల వాని నోరు మూస్తే రేపు తన నోరు మూస్తరని ఆమె ఫికర్. ఇంకోటి ఇన్నవా? గక్కడ వద్దన్నోళ్ళ పేర్లు గూడ రాస్తరు. ఒక్కడే ఉన్నా సరే, రాయాల్సిందే. కొట్టేది నేనే గదా!" అంది ఆడబిడ్డ గర్వంగా. నేను ఆ ముసలామె గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను, పెనం మీద రొట్టె మాడింది.

అవి తెలంగాణ కొట్లాట ఉవ్వెత్తున లేచిన రోజులు. మేమంతా అందులో ఉన్నవాళ్ళమే, అది ముందే చెబుతున్నాను, లేకపోతే నా కోపాన్ని మీరు ఇంకోలా అనుకుంటారు. అసెంబ్లీలో ఎప్పుడు చేతులు లెక్కపెట్టినా మనమే తక్కువ, అన్నిటికీ చేతుల లెక్కేనా, న్యాయం లేదా అని గొంతు పోయేలా అరిచాను. వంటావార్పు అని రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకొని, అక్కడే కూర్చొని తినేవాళ్ళం, బండ్లన్నీ ఆగిపోయేవి. ఉప్పల్ రోడ్డు మీద కూర్చున్న రోజు పప్పు చేసింది నేనే. అంత పెద్ద గిన్నెలు మా దగ్గర ఎక్కడివి? పైవాటా ఆమెవే. "తీసుకెళ్ళండి అక్కా, అడుగంటకుండా చూసుకోండి చాలు, మసి నేను తోముకుంటాలెండి," అని మెట్ల మీదుగా తనే దించి ఇచ్చింది. కాలనీ అంతా ఆ గిన్నెల్లోది తిన్నది.

కాలనీ సంఘానికి కార్యదర్శి మా ఆయనకు వరుసకు అన్న, నాకు బావ. ఆపదకు ముందు నిలబడే మనిషే గానీ, మైకు చేతికొస్తే ఆయనకు ఎదురుగా ఎవరూ కనబడరు. అప్పట్లో మా ఇండ్లకు సంఘం వేసిన బోరు నీళ్ళే దిక్కు. ఒక ఆదివారం కమ్యూనిటీ హాలు ముందు షామియానా వేసి పిలిచారు. మేము వెళ్ళేసరికే బావ ఫోటోతో ఫ్లెక్సీ కట్టి ఉంది: కాలనీవాసుల ఏకగ్రీవ తీర్మానం. కాలనీవాసులం ఇంకా కుర్చీలు దులుపుకుంటున్నాం, తీర్మానం అప్పుడే గాలికి ఊగుతోంది. ఆంధ్రావాళ్ళను కిరాయికి పెట్టుకున్న ఇండ్లకు, వాళ్ళను ఖాళీ చేయించేదాకా బోరు నీళ్ళు బంద్. అదీ సంగతి. అలాంటి ఇండ్లు కొన్నే, అందులో మాదొకటి.

సంఘం పద్ధతి ఇంటికొక్క చెయ్యి, అదీ మగవాళ్ళ చెయ్యి. ఆడవాళ్ళం వెనక చాపల మీద. ఒప్పుకున్నోళ్ళు చేతులు లేపుండ్రి అని బావ మైకులో అన్నాడు. చేతులు లేచాయి. మా ఆయన అటు చూసి, ఇటు చూసి, బస్సు ఆపడానికి ఎత్తినట్టు సగం చెయ్యి ఎత్తాడు. బావ చప్పట్లు కొట్టేశాడు.

మా ఆడబిడ్డ లేచింది. "పెద్దన్నా, వద్దన్నోళ్ళను గూడ అడుగు."

"వద్దన్నోళ్ళు ఎవరున్నరు చెల్లె? బ్యానర్ సూడు, ఏకగ్రీవం."

"బ్యానర్ నిన్ననే అచ్చయింది. మేం ఇప్పుడొచ్చినం!"

చాపల మీద నవ్వులు లేచాయి. బావ మొహం ఎర్రబడింది. "నీ ఆఫీసుల ఇన్న అమెరికా ముచ్చట్లు నాకు జెప్పకు. మీ అమెరికాల ఒక రాష్ట్రాన్ని రెండు చెయ్యాలంటే ఆ రాష్ట్రం అసెంబ్లీ ఒప్పుకోవాల్నట, నేను పేపర్ల సదివిన. గా చట్టమే మనకుంటే తెలంగాణ వస్తదా?"

జనం ఈలలు వేశారు. ఆ పిల్ల వాళ్ళు ఆగేదాకా నిలబడింది. "రాదు. నేను గూడ గదే అంటున్న. ఎక్కువ చేతులోళ్ళు కాదన్నా తక్కువ చేతులోళ్ళకు పార్లమెంటు ఇయ్యొచ్చని మన రాజ్యాంగంల ఉన్నదనే గదా మన ఆశ? అసెంబ్లీల మనం తక్కువున్నమని ఇన్నేండ్లు ఏడిస్తిమి. ఈ గల్లీల వాళ్ళు తక్కువున్నరని నీళ్ళు బంద్ జేస్తమా? నేను ఒప్పుకోను. నా పేరు రాయుండ్రి."

"ఇంటికొక్కటే చెయ్యి. మీ ఇంటి చెయ్యి లేసింది, కూసో."

నా ఒళ్ళు మండిపోయింది. చాప మీద నుంచి లేచి, కొంగు బిగించి, కుర్చీల మధ్యలోంచి ముందుకు నడిచాను. "బావా, రోడ్డు మీద ఇంక జర వెయ్యి వెయ్యి అని అడిగి తింటివి గదా పప్పు, గా గిన్నెలు ఎవరియి?" అన్నాను. మా ఆయన నా వైపు చూడకుండా, ఈసారి మోచెయ్యి చక్కగా చాచి చెయ్యెత్తాడు. "నేను గూడ వద్దంటున్న అన్నా," అన్నాడు.

"ఏంది తమ్మీ, అటో చెయ్యి, ఇటో చెయ్యా? గిది చెల్లది. మీ ఇల్లు లెక్కలనే లేదు," అని బావ మైకు దగ్గరికి లాక్కున్నాడు. "మిగిలినోళ్ళంత ఒప్పుకున్నరు. ఏకగ్రీవం!"

చూశారా ఏకగ్రీవం ఎలా పుడుతుందో? వద్దన్న ఇంటిని లెక్కలోంచి తీసేస్తే చాలు.

మర్నాడే మా నల్లా ఎండిపోయింది. మా ఆయన కాప్రాలోని చుట్టాలింటి నుంచి స్కూటర్ మీద క్యాన్లు మోసుకొచ్చేవాడు. పైన పిండి రుబ్బే చప్పుడు ఆగింది. ఒకరోజు ఆమె సామాను సర్దుకొని కిందికి వచ్చింది. "మా మూలంగా ఈ ఇంటికి నీళ్ళు ఆగిపోతే, మీరు మోసుకొచ్చిన నీళ్ళు మా గొంతు దిగవండీ అక్కా," అంది. నేను గయ్యిమన్నాను: "నువ్వు పోతే ఆళ్ళే గెలిసినట్టు! నడువ్, పైకి నడువ్!" ఆమె కదల్లేదు. అన్నిటికన్నా పెద్ద గిన్నెను నా గుమ్మంలో పెట్టి, "మీ రాష్ట్రం వచ్చాక ఇందులో పరమాన్నం వండండి," అని వెళ్ళిపోయింది. ఎగతాళిగా అనలేదు తల్లీ, అదే నన్ను కోసింది. ఆ సాయంత్రమే నల్లాలో బుస్సుమని నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళతో ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదు.

తర్వాత సంగతి మీకూ తెలుసు. అసెంబ్లీలో ఎక్కువమంది ఉన్నవాళ్ళు బిల్లు వద్దని తీర్మానం చేశారు, అయినా ఢిల్లీలో బిల్లు నెగ్గి రాష్ట్రం వచ్చింది. మా ఆడబిడ్డ చెప్పినట్టే, చేతుల లెక్కను దాటి వచ్చింది. గల్లీలో డప్పులు మోగాయి, నేనూ ఎగిరాను, అది దాచను. ఆ గిన్నెలోనే పరమాన్నం వండాను. బావ వచ్చి, గులాలు అంటిన చేతులతో ఆకుదొన్నె చాచి, పెట్టు మరదలా అన్నాడు. పెట్టాను. "గిన్నె యాదికున్నదా బావా?" అన్నాను. ఆయన తినలేదు, పారేయనూ లేదు, చేతిలో పట్టుకొని చల్లారేదాకా నిలబడ్డాడు. చల్లారింది ఆ పరమాన్నమే, నా కోపం కాదు.

ఇప్పుడు బావ లేడు. ఆ ఇండ్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు, సంఘం పోయి ఫోన్‌లో గ్రూపు వచ్చింది, తీర్మానానికి చెయ్యి కూడా ఎత్తక్కర్లేదు, బొటనవేలి బొమ్మ నొక్కితే చాలు. వద్దన్నవాణ్ణి గ్రూపులోంచి తీసేస్తే అక్కడా ఏకగ్రీవమే. రోడ్డు మీద వండుకుందామంటే గిన్నె ఇవ్వడానికి పైవాటాలో ఎవరున్నారో కూడా తెలియదు. ఆనాడు మా ఆడబిడ్డ పేరు ఎవరూ రాయలేదు గనక నేను ఇవాళ నోటితో చెబుతున్నాను, మీరు విన్నారు, అదే రాత అనుకుంటాను: ఆ తీర్మానం ఏకగ్రీవం కాదు, వద్దన్న ఇల్లు ఒకటుంది.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ నల్లాలు ఎప్పుడూ ఎండకుండా ఉండాలి, మీ గిన్నెలు ఇరుగుపొరుగు ఇండ్లలో తిరుగుతుండాలి, మీ ఇంట్లో అందరూ ఔనన్న రోజున కూడా కాదన్న ఆ ఒక్కరికి ముందు పీట వేసి కూర్చోబెట్టే మనసు మీకుండాలి. చల్లగా ఉండండి తల్లీ.