గోళ్ల రంగు పూసిన దవడ పళ్లు

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఉన్న బరువు ఒక దవడ పన్ను. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు.

తొంభైల్లో నేను పళ్ల డాక్టరు పీజీ చదువుతూ అశోక్‌నగర్‌లో ఒక గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. అప్పుడప్పుడే దవడ పళ్లకు సిల్వర్ ఫిల్లింగు బదులు పంటి రంగు ఫిల్లింగు పెట్టడం మొదలైంది. చూడ్డానికి బాగుండేది. గట్టిపడేటప్పుడు మాత్రం కాస్త ముడుచుకుని, పంటికీ దానికీ మధ్య సందు వదిలేది. ఆ సందులోకి చల్లనిది ఏది దిగినా పన్ను జివ్వుమనేది. ఒకేసారి కూరకుండా పలచని పొరలుగా పెడితే ఆ లీకేజీ తగ్గుతుందా? ఇదే నా థీసిస్.

పీకేసిన పళ్లకు ఫిల్లింగు పెట్టి, దాన్నీ దాని చుట్టూ సన్నటి అంచునూ వదిలి, మిగతా పన్నంతా నీళ్లు దిగకుండా గోళ్ల రంగు పూయాలి. తర్వాత నీలం రంగు నీళ్లలో నానబెట్టి, నిలువునా కోసి, నీలం ఎంత లోపలికి దిగిందో చూడాలి. నారాయణగూడ ఫ్యాన్సీ షాపులో ఎర్ర గోళ్ల రంగు అడిగితే, అమ్మే ఆవిడ నా వేళ్ల వైపు చూసింది. చెల్లెలికని చెప్పాను. నాకు చెల్లెలు లేదు.

ఆదివారం మధ్యాహ్నం గదిలో కూర్చుని పూస్తుంటే చెయ్యి జారింది. పొరలు పెట్టిన పది పళ్లలో మూడింటికి రంగు అంచు మీదకు పాకింది. గీకితే ఫిల్లింగు పాడవుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నిజంగా అందుకేనా? సరే, అందుకే అనుకుందాం. మరి మిగతా ఏడింటి అంచులకు కావాలని ఎందుకు పూశాను? ఇప్పటికీ తెలియదని రాయబోయాను. తెలుసు. పాసవ్వాలని.

కోసి చూస్తే ఒక్కదాంట్లోనూ నీలం చుక్క లేదు. నన్ను సొంత మనిషిలా చూసుకున్న మా ప్రొఫెసర్ గారు ఎంత పొంగిపోయారంటే, చిక్కడపల్లిలో తన క్లినిక్‌కు పిలిచి, పుచ్చిన తన దవడ పంటికి పొరల ఫిల్లింగు పెట్టమని తన కుర్చీలో తానే పేషెంటులా కూర్చున్నారు.

"సార్, మీకు సిల్వరే మంచిదేమో" అని గొణిగాను.

"ఏందయ్య, గింత పరేషాన్ అయితున్నవ్? లీకేజీ సున్నా అని నువ్వే రాసినవ్ గద! నా పన్ను ఉండంగ ఇంకొకరి పన్నెందుకు? జర జల్దీ పెట్టు."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆయన నోరు తెరిచారు, నేను తెరవలేదు.

సార్‌కు ఐస్‌క్రీమ్ అంటే ప్రాణం. ఫిల్లింగు పెట్టిన నెల తిరక్కుండానే పన్ను జివ్వుమని, ఒక్క చెంచా కూడా తినలేని స్థితికి వచ్చారు. తిడతారని చూశాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన మాత్రం థీసిస్‌ను నమ్మి, లోపం తన పంటి నరానిదే అని తేల్చుకున్నారు. ఆ తర్వాత ఎవరి పెళ్లిలో కలిసినా తన ఐస్‌క్రీమ్ కప్పు నా చేతికిచ్చి, నేను తినేదాకా పక్కనే నిలబడి ఆశగా చూసేవారు. ఆ కప్పుల్లో ఒక్కటి కూడా సుఖంగా గొంతు దిగలేదు.

ఏళ్ల తర్వాత ఆ పన్ను నేనే పీకాల్సి వచ్చింది. సార్ దాన్ని కడిగి, "మన థీసిస్ పన్ను, జాగ్రత్తగ దాచుకో" అని నా జేబులో వేశారు. ఇంటికెళ్లి గోళ్ల రంగు పూశాను. ఈసారి అంచు వదిలేశాను. నీలంలో నానబెట్టి కోశాను.

సార్ ఇప్పుడు మళ్లీ ఐస్‌క్రీమ్ తింటున్నారు, ఆ పన్ను చోటు ఖాళీ పెట్టుకుని. ఆయనకు చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు. మీకు చెప్పాను, గుండె కొంత తేలికపడింది. థీసిస్‌లో పొరలు పెట్టిన పళ్లు పది, పదింటికీ సున్నా. పదకొండో పన్ను ఫలితం ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను: నీలం నరందాకా దిగింది.