నర్సమ్మ చెప్పగా కొట్టిన పేజీలు

కావలిలో రైల్వే స్టేషన్‌కు వెళ్ళే దారిలో నాకొక డి.టి.పి. షాపు ఉంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఏది వస్తే అది చేస్తాను. ఉన్నది ఒకే కంప్యూటరు. పాతది.

రెండేళ్ళ కిందట, రిటైరైన నర్సమ్మ ఒకామె వచ్చారు. సముద్రం ఒడ్డు పల్లెల్లో ఉద్యోగమంతా పురుళ్ళు పోస్తూ గడిపిన మనిషి. చేతులు వణుకుతాయి, పెన్ను పట్టలేరు.

"నేను చెప్తా ఉంటాను, నువ్వు కొట్టు పాపా. పుస్తకం వేయించుకుంటాను," అన్నారు.

మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని వేళ వచ్చేవారు. తుఫానులో ఉప్పుటేరు దాటుతుంటే పడవలోనే జరిగిన కాన్పు గురించి చెప్పారు. ఆ బాలింత మొగుడు వెనక్కి తిరిగి నిలబడి లాంతరు పట్టుకున్నాడట. ఏ ఇంట్లో వేడినీళ్ళు ఇచ్చారో, ఏ ఇంట్లో గుమ్మం దగ్గరే ఆపేశారో అన్నీ ఆమెకు గుర్తే. వింటూ నా వేళ్ళు ఆగిపోతే, "కొట్టు, కొట్టు" అనేవారు. దక్కని బిడ్డల గురించి చెప్పిన రోజు మాత్రం ఆమె తల ఎత్తలేదు. "సరిగ్గా కొట్టుకో పాపా. ఇది ఇంకోసారి నా నోటితో చెప్పలేను," అన్నారు.

అట్లా మూడు వందల పేజీలకు పైనే అయింది.

ఈలోగా కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది. ఆన్ చేసి టీ తాగి వచ్చినా తెర వచ్చేది కాదు. ఇదివరకు బాగుచేసే అతను కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఫోన్‌లో వీడియో చూసి నేనే రీసెట్ చేద్దామనుకున్నాను. కొన్న రోజు ఎట్లా ఉందో అట్లా అయిపోతుందన్నారు అందులో.

ముందుగా ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. నర్సమ్మ గారి ఫోల్డరు తెర మీదే కనిపిస్తూ ఉండేది, దాన్నీ కాపీ చేశాను. ఫైళ్ళు ఉంచాలా, అన్నీ తీసేయాలా అని కంప్యూటరు అడిగింది. తీసేయమన్నాను. అన్ని డ్రైవులూనా అని అడిగితే దానికీ సరేనన్నాను. అది నడుస్తున్నంతసేపూ షాపు ఊడ్చుకున్నాను, బల్ల తుడుచుకున్నాను. మనసు తేలిగ్గా ఉండింది.

సాయంత్రం పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే అన్నీ తెరుచుకున్నాయి, నర్సమ్మ గారిది తప్ప. నేను కాపీ చేసింది షార్ట్‌కట్‌ను, అంటే ఫోల్డరుకు దారి చూపే బొమ్మను మాత్రమే. అసలు ఫోల్డరు లోపల ఇంకో డ్రైవులో ఉండింది. ఆ డ్రైవును నా చేత్తోనే తుడిచేశాను.

మర్నాడు సీపీయూ ఒళ్ళో పెట్టుకుని బస్సులో నెల్లూరు వెళ్ళాను. పోయిన ఫైళ్ళు తీసే షాపతను రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. "ఫైళ్ళ పేర్లు వచ్చినాయక్కా. తెరిస్తే లోపల ఏం లేదు," అన్నాడు.

వెళ్ళి సీపీయూ తెచ్చి బిగించుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం నర్సమ్మ గారు వచ్చి ఎప్పటిలాగే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జరిగింది చెప్పాను.

"కాగితం మీద ఏమీ లేదా?"

"చివర్లో అంతా ఒకేసారి ప్రింటు తీద్దామనుకున్నాం కదమ్మా."

ఆమె కుర్చీ కంప్యూటరు దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత, "సరే, మొదట్నుంచి కొట్టు," అన్నారు. పడవ కాన్పు నాలుగు వాక్యాల్లో అయిపోయింది. లాంతరు గురించి నేనే గుర్తుచేశాను. "అవును, అది కూడా కొట్టు," అన్నారు. ఆమె చెబుతున్నట్టు లేదు, నేను అడిగితే ఒప్పుకుంటున్నట్టు ఉంది. ఇంకో రెండు మధ్యాహ్నాలు వచ్చారు. తర్వాత రాలేదు. ఇంటికి వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను, ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు.

కొన్ని నెలల తర్వాత పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చారు. వేలిముద్రలు అరిగిపోయాయి, ఎన్నిసార్లు పెట్టించినా మిషను తీసుకోలేదు. చివరికి ఎడమచేతి బొటనవేలు పడింది. కాగితం చేతికిస్తూ అడిగాను.

"మళ్ళీ మొదలుపెడదామా అమ్మా? ఈసారి ఏ రోజుది ఆ రోజే ప్రింటు తీసిస్తాను."

"ఏం మొదలుపెట్టేదుండాది పాపా," అన్నారు.

మర్చిపోయి అన్నారో, వద్దని అన్నారో నాకు తెలియలేదు. మళ్ళీ అడిగే ధైర్యం లేకపోయింది. ఆటో ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకుని ఎక్కించాను.